పక్కన కుర్చీలో ఎవరు కూర్చుంటారు? జెనెటిక్ కౌన్సెలింగ్ చరిత్ర, మన మాట

పోస్టు పొడుగ్గానే ఉంటుంది. నంద్యాల బస్సు ఎక్కినాక చదువుకోండి, ఆళ్లగడ్డ దిగేలోపు అయిపోతుంది.

మన గ్రూపులో కౌన్సెలింగ్ అంటే ఈఏపీసెట్ కౌన్సెలింగే. ర్యాంకు కార్డు, కుల ధ్రువపత్రం, వెబ్ ఆప్షన్లు. నేను చేసే కౌన్సెలింగ్ అది కాదని మా నాయనకు చెప్పి చెప్పి అలసిపోయినాను. నాది జెనెటిక్ కౌన్సెలింగ్. ఒక ఇంట్లో వంశంలో వచ్చే జబ్బు ఉన్నప్పుడు, లేదా ఉందేమోనని భయం ఉన్నప్పుడు, ఆ ఇంటివాళ్లతో కూర్చుని మూడు తరాల వంశవృక్షం గీసి, ఏ పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో వివరించి, నిర్ణయం వాళ్లే తీసుకునేదాకా తోడుండే పని. మందు రాయను. ఆపరేషన్ చేయను. మాట్లాడతాను, అంతకంటే ఎక్కువగా వింటాను.

ఆరేళ్లుగా హైదరాబాదులో ఈ పని చేస్తున్నా. ఈ జూన్ నుంచి ఇద్దరు విద్యార్థులను నా కింద పెడతాం, క్లినికల్ సూపర్‌వైజర్‌గా ఉంటావా అని అడిగినారు. వారం టైమ్ అడిగి ఊరికి వచ్చినా. ఎందుకు వెంటనే సరే అనలేదో చెప్పాలంటే మా పిన్నమ్మ సంగతి చెప్పాల.

పిన్నమ్మకు పెద్ద కొడుకు పుట్టి రెండేళ్లయినా మాటలు రాలేదు. గిన్నె కింద పడినా తిరిగి చూసేవాడు కాదు. ఆళ్లగడ్డలో చూపించి, నంద్యాల పోయి, అక్కడి నుంచి ఇంకో పెద్దాసుపత్రికి పోయినారు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ ఎందుకులే. నేను అప్పుడు ఏడో తరగతి, తోడు పోయినా. డాక్టరు వెనక ఐదారుగురు మెడికల్ స్టూడెంట్లు నిలబడి ఉన్నారు. ఆయన పిల్లోడి చెవులు చూసి, "ఎవరిని చేసుకున్నావు?" అన్నాడు. "మా మేనమామ కొడుకుని సార్" అనింది పిన్నమ్మ. ఆయన వెనక్కి తిరిగి స్టూడెంట్లతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఇద్దరు నవ్వినారు, మిగతావాళ్లు రాసుకున్నారు. మళ్లీ ఇటు తిరిగి, "మేనరికాలు చేసుకుంటే ఇట్లే ఉంటుంది" అన్నాడు. అంతే, నెక్స్ట్.

పిన్నమ్మ రెండో కాన్పు వద్దనుకుని ఆపరేషన్ చేయించుకునింది. కడుపున పడే ప్రతి బిడ్డా అట్లే పుడుతుందని ఆమె అర్థం చేసుకునింది. ఆ చెవుడు తల్లిదండ్రులిద్దరి నుంచీ చెరొక జన్యువు కలిస్తే వచ్చే రకమే అనుకుందాం. అప్పుడు కూడా ప్రతి కాన్పులో వినబడకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. బాగా వినే బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట మూడు వంతులు. అసలు ఏ జంటకైనా బిడ్డ ఏదో పెద్ద లోపంతో పుట్టే అవకాశం 100కి రెండు మూడు ఉంటుంది. వరుసైన బావామరదళ్లు చేసుకుంటే దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. అంటే వాళ్ల బిడ్డల్లో 100కి 94, 95 మంది ఏ పెద్ద లోపమూ లేకుండానే పుడతారు. ఈ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో ఇంకో సంగతి కూడా జరిగింది. ఆ ఐదారుగురు పిల్లలు ఆ రోజు ఒక పాఠం నేర్చుకున్నారు, ఇట్లాంటి తల్లితో ఎట్ల మాట్లాడాలనే పాఠం. వాళ్లూ ఇప్పుడు ఎక్కడో డాక్టర్లయి ఉంటారు. సూపర్‌వైజర్ అంటే నాకు గుర్తొచ్చేది ఆయనే.

ఇప్పుడు చరిత్రలోకి పోదాం.

మన రక్తంలో ఏముందో మనకు మొట్టమొదట చెప్పినవాళ్లు డాక్టర్లు కాదు, పోలీసులు. 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చినారు. దాని వెనకున్న వాదన ఏమిటంటే, వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలె కొడుకు సాలె అయినట్టే ఈ దేశంలో దొంగతనం కూడా పుట్టుకతో వచ్చే వృత్తి అని. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మా ఎరుకల వాళ్లను ఆ జాబితాలో చేర్చినారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పుట్టింది. మన ఆత్మకూరు వైపు సిద్ధాపురంలోనూ సెటిల్‌మెంట్ ఉండేది. మా అవ్వ వాళ్ల నాయన ఊరు దాటాలంటే చీటీ రాయించుకోవాల్సి వచ్చేదని అవ్వ చెప్పేది. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. అంటే నేరం వంశంలో వస్తుందని ప్రభుత్వమే రాసిపెట్టిన కాలం మా ఇంట్లో ఒక తరం వెనకే ఉంది. "వంశపారంపర్యం" అనే మాట వినగానే మన పెద్దోళ్లు ముడుచుకుపోవడానికి కారణం చదువు లేకపోవడం కాదు, ఈ అనుభవం.

అదే కాలంలో సముద్రం అవతల ఏం జరుగుతుండేదో చూడండి. 1883లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ యూజెనిక్స్ అనే పేరు పెట్టినాడు. మంచి విత్తనం ఉంచుకుని చెడ్డ విత్తనం ఏరేసినట్టు మనుషులనూ ఏరాలనే సిద్ధాంతం అది. 1907లో అమెరికాలో ఇండియానా రాష్ట్రం "పనికిరానివాళ్లు" అని ముద్రపడినవాళ్లకు బలవంతంగా సంతానం లేకుండా చేసే చట్టం చేసింది. 1927లో బక్ వర్సెస్ బెల్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అట్లాంటి చట్టం సరైనదే అనింది. మిన్నెసోటాలో చార్లెస్ డైట్ అనే డాక్టరు యూజెనిక్స్ కోసం జీవితమంతా ప్రచారం చేసినాడు, 1933లో హిట్లర్‌ను మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాసినాడు. చనిపోతూ ఆస్తిని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి ఆ పని కోసమే రాసిచ్చినాడు. ఆ డబ్బుతో 1941లో డైట్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది.

జెనెటిక్ కౌన్సెలింగ్ అనే మాట పుట్టింది సరిగ్గా ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే. 1947లో షెల్డన్ రీడ్ అక్కడ డైరెక్టరుగా చేరి ఈ పేరు పెట్టినాడు. కుటుంబాలు ఉత్తరాలు రాసేవి. మొదటి బిడ్డ ఇట్లా పుట్టాడు, రెండో బిడ్డ సంగతేమిటి అని. "కనండి", "కనొద్దు" అని చెప్పడం తన పని కాదని రీడ్ అనుకున్నాడు. ఉన్నది చెప్పి, నిర్ణయం వాళ్లకు వదలాలి అన్నాడు. 1955లో దీనిమీద పుస్తకం కూడా రాసినాడు. నా వృత్తి పుట్టిన ఇల్లు అది. మంచి ఇల్లు కాదు. కానీ ఆ ఇంట్లోనే కూర్చుని ఆ ఇంటి పద్ధతి మార్చాలని చూసినాడు ఒక మనిషి. పూర్తిగా మార్చినాడని నేను అనను. ఈ వృత్తిలో మనం రోజూ దేనితో కొట్లాడాలో మాత్రం అక్కడి నుంచే తెలుస్తుంది.

రీడ్ తర్వాత 20 ఏళ్లకు పైగా ఈ పని డాక్టర్లు, పరిశోధకులు చేసినారు. దీనికని ప్రత్యేకంగా మనుషులను తయారుచేసింది 1969లో, న్యూయార్క్ దగ్గర సారా లారెన్స్ కాలేజీ. మెలిస్సా రిక్టర్ అనే ఆమె అక్కడ రెండేళ్ల మాస్టర్స్ కోర్సు మొదలుపెట్టింది. 1971లో మొదటి బ్యాచ్ బయటికి వచ్చింది. ఆ తర్వాత కోర్సును చాలా ఏళ్లు నడిపిన జోన్ మార్క్స్ సోషల్ వర్క్ నుంచి వచ్చిన మనిషి. అందుకేనేమో, పుస్తకంతో పాటు ఆసుపత్రిలో పేషెంట్ల మధ్య నేర్చుకోవడం మొదటి నుంచే అందులో భాగమయింది. ఇక్కడే సమస్య. మొదటి బ్యాచ్‌కు పని నేర్పించడానికి ఆ పని చేస్తున్న కౌన్సెలర్లు లేరు కదా! డాక్టర్ల పక్కన కూర్చుని నేర్చుకున్నారు. వాళ్లు సీనియర్లయి తర్వాతివాళ్లకు నేర్పినారు. 1979లో వాళ్ల జాతీయ సంఘం, 1993లో సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు వచ్చినాయి. ఇప్పుడు అక్కడ ఒక విద్యార్థి పట్టా తీసుకోవాలంటే కనీసం 50 కేసుల్లో తాను స్వయంగా పాలుపంచుకోవాలి, పక్కన సర్టిఫికెట్ ఉన్న కౌన్సెలర్ ఉండాలి.

ఆ పక్కన ఉండడం ఎట్లా ఉంటుందంటే, మొదట విద్యార్థి చూస్తాడు. తర్వాత ఒక ముక్క తనే చేస్తాడు, వంశవృక్షం గీయడం లాంటిది. చివరికి మొత్తం సెషన్ అతనే నడుపుతాడు, సూపర్‌వైజర్ మూలన కుర్చీలో ఉంటుంది. కష్టమైన పని ఆ మూలన ఉంది. విద్యార్థి తడబడతాడు. తల్లి ఏడుస్తుంది. గదిలో నిశ్శబ్దం. నీ నోటి చివర జవాబు ఉంది. దూకి చెప్పేస్తే విద్యార్థి నేర్చుకోడు. ఊరుకుంటే ఆ తల్లి తప్పుడు మాటతో ఇంటికి పోవచ్చు. ఎప్పుడు దూకాలి, ఎప్పుడు నాలుక పళ్ల కింద పెట్టుకోవాలి? పని బాగా వచ్చినవాళ్లందరికీ ఇది రాదు. చాలా కాలం దీన్నెవరూ వేరే విద్యగా చూడలేదు. అనుభవం ఉంటే నేర్పగలరు అనుకున్నారు. మిన్నెసోటాలోనే పెట్రీషియా మెకార్తీ వీచ్ అనే సైకాలజిస్టు, ఆమెతో పనిచేసినవాళ్లు కౌన్సెలర్‌కూ కుటుంబానికీ మధ్య నడిచే బంధం మీద 2007లో ఒక నమూనా రాసినారు. సూపర్‌వైజర్‌కు ఏమేమి తెలిసి ఉండాలో నిపుణులను పదేపదే అడిగి తేల్చిన జాబితా 2013లో వచ్చింది. అంటే వృత్తి పుట్టిన 60 ఏళ్ల తర్వాత గాని పక్క కుర్చీ గురించి ఇంత లెక్కగా ఆలోచించలేదు.

మన దేశానికి వద్దాం. జె.బి.ఎస్. హాల్డేన్ అనే పెద్ద శాస్త్రవేత్త 1957లో ఇంగ్లండు వదిలి ఇక్కడికే వచ్చేసినాడు. ఆయన శిష్యుడు పిఠాపురం మనిషి ద్రోణంరాజు కృష్ణారావు. కృష్ణారావు, మీరా ఖాన్ కలిసి ఆంధ్రలో మేనరికాలు, అక్క కూతురిని చేసుకునే పెళ్లిళ్లు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అని లెక్కలు తీసి 1963లో అచ్చువేసినారు. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద బేగంపేటలో జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్, వంశపారంపర్య జబ్బుల ఆసుపత్రి వచ్చినాయి, ఓ.ఎస్. రెడ్డి గారి కృషితో. ఇప్పుడు హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి మెడికల్ జెనెటిక్స్ చూస్తున్నాయి. కౌన్సెలర్లకు సర్టిఫికెట్ ఇవ్వడానికి బోర్డ్ ఆఫ్ జెనెటిక్ కౌన్సెలింగ్, ఇండియా ఉంది.

ఒక తమాషా చెప్పనా? నంద్యాలలో ఏ స్కానింగ్ సెంటర్‌కైనా పోండి. గోడకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటుంది. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఇచ్చేది. ఆ చట్టంలో "జెనెటిక్ కౌన్సెలింగ్ సెంటర్" అనే మాటకు నిర్వచనమే ఉంది. అంటే మన చట్టాల్లోకి ఈ మాట ఆడపిల్లలను కడుపులోనే చంపకుండా ఆపడానికి వచ్చింది. కాగితం మీద 30 ఏళ్లుగా ఉంది. కౌన్సెలింగ్ చేసే మనిషి ఎక్కడని అడిగితే, మన జిల్లాలో నాకైతే ఇంతవరకు కనబడలేదు.

ఇంతకీ ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, కార్డులు వస్తున్నాయి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టినారు. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష, 2047 నాటికి నిర్మూలన లక్ష్యం. పరీక్ష చేసి కార్డు ఇస్తారు. మన రాష్ట్రంలో ఇది ఎక్కువ వినబడేది పాడేరు, అరకు వైపు. మన గ్రూపులో అటువైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

సికిల్ సెల్ గుణం ఒక్క జన్యువులోనే ఉంటే దాన్ని ట్రెయిట్ అంటారు, అది జబ్బు కాదు. ఇద్దరు ట్రెయిట్ ఉన్నవాళ్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు జబ్బు, సగం ట్రెయిట్, నాలుగింట ఒక వంతు ఏమీ లేకుండా. ఈ గుణం అడవి ప్రాంతాల్లో ఎందుకు ఎక్కువంటే, ట్రెయిట్ ఉన్నవాళ్లను అది ప్రాణాంతక మలేరియా నుంచి కాపాడింది. 1954లోనే ఆలిసన్ అనే ఆయన ఆఫ్రికాలో ఈ సంగతి చూపించినాడు. మన తాతలు బతికింది దానివల్ల కూడా. ఇది చెప్పకుండా "నీ రక్తంలో లోపం ఉంది" అని మాత్రం చెబితే ఏమవుతుంది?

ఏమవుతుందో తెలుసుకోవడానికి గ్రీసు దేశంలో ఓర్కోమెనోస్ అనే ఊరు ఉంది. అక్కడ ఊరంతటికీ సికిల్ సెల్ పరీక్ష చేసి ఎవరికి ట్రెయిట్ ఉందో చెప్పినారు. కొన్నేళ్ల తర్వాత స్టమటోయనోపులోస్ అనే డాక్టరు పోయి చూస్తే, ట్రెయిట్ ఉన్నవాళ్లకు ఊళ్లో చిన్నచూపు, పెళ్లి సంబంధాల్లో ఇబ్బంది. కొందరు దాచిపెట్టినారు. ట్రెయిట్ ఉన్న ఇద్దరు చేసుకునే పెళ్లిళ్లు మాత్రం తగ్గలేదు. పరీక్ష చేసి సాధించింది అవమానం ఒక్కటే. అమెరికాలో 1970ల మొదట్లో కొన్ని రాష్ట్రాలు నల్లజాతివాళ్లకు ఈ పరీక్ష తప్పనిసరి చేసినాయి. జబ్బుకూ ట్రెయిట్‌కూ తేడా తెలియని చట్టాలవి. అక్కడి ఎయిర్‌ఫోర్స్ అకాడమీ 1981 దాకా ట్రెయిట్ ఉన్నవాళ్లను చేర్చుకోలేదు.

మన దేశంలో ఆదివాసీల రక్తంలో ఈ గుణాన్ని మొదట 1952లో నీలగిరుల్లో చూసినారు. ఈ 70 ఏళ్లలో మన గూడేలకు, తండాలకు రక్తం తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు చాలామంది. తిరిగి వచ్చి ఫలితం కూర్చోబెట్టి చెప్పినవాళ్లు తక్కువ. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు కింద రాయండి. పరీక్షకు నేను వ్యతిరేకం కాదు, చేయించుకోండి. జబ్బు ఉన్నవాళ్లకు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్, తలసీమియా, హీమోఫీలియా ఉన్నాయి, ఆ సర్టిఫికెట్ వదులుకోవద్దు. కార్డు చేతిలో పెట్టేటప్పుడు ఎవరు ఏం మాట్లాడుతున్నారు, వాళ్లకు ఎవరు నేర్పినారు అన్నదే నా ప్రశ్న.

ఇంకో సంగతి. వంశంలో వచ్చే జబ్బులంటే ఆదివాసీల సమస్య అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఒకే కులంలో తరతరాలుగా పెళ్లిళ్లు చేసుకునే ప్రతి సమూహంలోనూ ఏదో ఒకటి ఉంటుంది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో వాడే ఒక మందు పడదని, కండరాలు గంటలకొద్దీ కదలవని మత్తు డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. 2017లో సీసీఎంబీ తంగరాజ్ గారూ, అమెరికా శాస్త్రవేత్తలూ కలిసి రాసిన వ్యాసంలో దాన్నే ఉదాహరణగా చూపి, దక్షిణాసియాలో ఇట్లాంటి సమూహాలు చాలా ఉన్నాయని చెప్పినారు. అది వాళ్ల తప్పు కాదు, ఇది మన తప్పూ కాదు.

ఇక మన మనిషి ఆ కుర్చీలో ఉంటే వచ్చే తేడా. వంశవృక్షం గీయడం ఇంగ్లీషు పుస్తకాల్లో నేర్చుకున్నాం. అందులో "కజిన్" అని ఒకటే మాట. మనకు చిన్నాయన కూతురు చెల్లెలు, మేనత్త కూతురు మరదలు. జన్యువుల లెక్కలో ఇద్దరూ ఒకటే దూరం. కానీ "కజిన్‌ను చేసుకున్నారా" అని అడిగితే మన తల్లి "ఛీ, లేదు" అంటుంది, ఎందుకంటే ఆమెకు వినబడింది చెల్లెలి వరుస. మేనరికమా అని అడిగితే అవునంటుంది. ఎరుకల్లో మేనమామకు మేనకోడళ్ల మీద ఉన్న హక్కు గురించి థర్‌స్టన్ 1909లోనే రాసినాడు. నల్లమల చెంచుల ఇంటిపేర్ల కట్టుబాటు గురించి హైమెన్‌డార్ఫ్ 1943లో పుస్తకమే వేసినాడు. అహోబిలం నరసింహస్వామినే అల్లుడు అనే వాళ్లు చెంచులు. వరుస వాళ్లకు అంత ముఖ్యం. ఇవి తెలిసిన సూపర్‌వైజర్ విద్యార్థిని సరిదిద్దుతుంది. తెలియకపోతే ఇద్దరూ కలిసి తప్పు చెట్టు గీస్తారు.

అట్లే "క్యారియర్" అనే మాట. పుస్తకంలో వాహకుడు. ఎవరికి అర్థమవుతుంది? "రోగం మోసేవాడు" అంటే అయిపోయింది, ఆ పిల్లకు సంబంధం రాదు. నేను "జబ్బు లేదు, ఒక గుణం ఉంది, పెళ్లప్పుడు అవతలివాళ్లకూ ఉందేమో చూసుకుంటే చాలు" అంటాను. ఈ వాక్యం కుదరడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మా అవ్వ ఎరుక చెప్పేది. ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం దాకా ఊళ్లు తిరిగేది. చిన్నప్పుడు వాళ్లమ్మ వెంట బుట్ట పట్టుకుని తిరిగిందంట, ఏళ్ల తరబడి నోరు తెరవకుండా. ఇంటామె మొహం చూడు, ముందు ఆమెను మాట్లాడనీ అని ఇంటికొచ్చినాక చెప్పేదంట వాళ్లమ్మ. నేను ఎరుకను నమ్మను, అవ్వకూ ఆ సంగతి తెలుసు. కానీ నా క్లాసులో "ఫీడ్‌బ్యాక్" అని చెప్పింది ఇదే కదా అనిపించింది. మనవాళ్లు ఏకలవ్యుణ్ణి తలుచుకుంటారు. బొమ్మను పెట్టుకుని విల్లు నేర్చుకోవచ్చేమో, ఈ పని మాత్రం బొమ్మ ముందు రాదు. గదిలో ఒక మనిషి ఉండాలి. నేర్పినందుకు వేలు అడగని మనిషి.

దారి అడుగుతారు కాబట్టి చెబుతా. బీఎస్సీలో లైఫ్ సైన్సెస్ గాని నర్సింగ్ గాని చేసి, జెనెటిక్స్‌లో లేదా జెనెటిక్ కౌన్సెలింగ్‌లో ఎం.ఎస్సీ. చేయొచ్చు. తర్వాత ఆసుపత్రిలో శిక్షణ. చేసిన ప్రతి కేసూ లాగ్‌బుక్‌లో రాసి సంతకం చేయించుకోవాలి. సర్టిఫికెట్ తర్వాత కొన్నేళ్లు సొంతంగా చేయాలి, తప్పులు చేయాలి, వాటిని గుర్తుపెట్టుకోవాలి. జీతాలు గొప్పగా ఉండవు, ముందే చెబుతున్నా. ఉద్యోగాలు ఎక్కువగా పెద్ద ఊళ్లలో, ప్రైవేటు ల్యాబుల్లో. నంద్యాలకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది కాబట్టి ఏదో ఒకరోజు అక్కడా ఈ కుర్చీ పడొచ్చు.

నిన్న సాయంత్రం పిన్నమ్మ ఇంటికి పోయి, కాగితం మీద వాళ్ల వంశవృక్షం గీసినా. మూడుచోట్ల తప్పు గీసినానని సరిదిద్దింది. తర్వాత నాలుగింట ఒక వంతు లెక్క చెప్పినా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చివరికి, "ఆ పిల్లోళ్లకు చెప్పు ఇది, నీ కింద వచ్చేటోళ్లకు" అనింది. కొడుకు ఇప్పుడు నంద్యాలలో మొబైల్ రిపేరు షాపులో పనిచేస్తున్నాడు. చేతులతో నాకు టీ కావాలా అని అడిగినాడు.

రాత్రే సరేనని మెయిల్ పెట్టినా. వచ్చే నెల రెండో ఆదివారం నంద్యాల వస్తున్నా. ఈ చదువు గురించి అడగాలనుకునేవాళ్లు కింద కామెంటులో పేరు రాయండి, ఎక్కడ కూర్చుందామో చెబుతా.